శుక్రవారం గడప దాటని డిస్కు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ప్రొద్దుటూరులో ఒక ట్రస్టు ఆసుపత్రి రక్తనిధికి సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. హోదా ఘనంగా వినిపిస్తుంది గానీ నా కింద ఉన్నది ఒక సర్వరు, ఒక ఏసీ, అటెండరు పుల్లయ్యలో సగం. మిగతా సగం పుల్లయ్య ల్యాబుది. సర్వరు గది చల్లగా ఉండేది కనుక ఎండాకాలంలో ఆసుపత్రి సిబ్బంది అందరికీ కంప్యూటర్ల మీద విపరీతమైన ఆసక్తి పుట్టేది. ఒక సర్జన్ గారు అక్కడే కునుకు తీసేవారన్నది నిజం. ఆయన దుప్పటి కూడా తెచ్చుకున్నారన్నది నేను కలిపింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ల రక్తదాతల పేర్లు, గ్రూపులు, ఫోను నంబర్లు ఆ సర్వరులోనే ఉండేవి. నేను రాకముందు అరుదైన గ్రూపుల వాళ్ల పేర్లు గోడ మీద అట్టకు అంటించి ఉండేవి. దాతల వివరాలు నలుగురి కంట పడకూడదని ఆ అట్ట తీయించాను. తీయించడం సరైనదే. దాని బదులు బీరువాలో ఒక కాగితమైనా దాచకపోవడం నా తప్పు.

సర్వరులో రెండు డిస్కులుంటాయి. ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా పడుతుంది. శానామంది దీన్నే బ్యాకప్ అనుకుంటారు. కాదు, ఒకే పెట్టెలో ఉన్నవి ఒకే దెబ్బకు పోతాయి. బ్యాకప్ అంటే వేరే చోట ఉండే నకలు. అందుకని నేనొక నిబంధన రాశాను. దానికి రెండు విడి డిస్కులు. ప్రతి శుక్రవారం పొద్దున జమ్మలమడుగు శాఖ నుంచి పాతది బస్సులో వస్తుంది. తాజా నకలు ఎక్కించిన రెండోది మధ్యాహ్నం పన్నెండు బస్సులో అక్కడి ఇనుప బీరువాకు పోతుంది. పంపినట్టు పుల్లయ్య రిజిస్టరులో సంతకం చేస్తాడు, కింద నేను చేస్తాను. రెండేళ్లలో ఒక్క వారం కూడా సంతకం తప్పలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలి కరెంటు ఒక్కసారిగా ఎగదన్నింది. యూపీఎస్ రిపేరుకు పోయి ఉంది. సర్వరులోంచి కాలిన వాసన వచ్చింది. రెండు డిస్కులూ పోయాయి.

అరగంటకు పులివెందుల నుంచి మస్తాన్ అనే మనిషి, ఐసు పెట్టెలో రక్తం శాంపిల్ పట్టుకుని వచ్చాడు. చెల్లెలు రజియాకు మర్నాడు పొద్దున కాన్పు ఆపరేషను. భర్త కువైట్‌లో ఉన్నాడు. శాంపిల్ పరీక్షించి మా వైద్యాధికారి సరళ గారు కుర్చీలో వెనక్కి వాలారు. బాంబే గ్రూపు. పైపైన చూస్తే ఓ గ్రూపులా ఉంటుంది గానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. అదే గ్రూపు వాళ్లది తప్ప ఇంకొకరిది పనికిరాదు. ఆమె కడపకు, తిరుపతికి ఫోన్ చేశారు. ఎక్కడా లేదు. మా జాబితాలో అలాంటి దాతలు ముగ్గురున్నారని ఆమెకు గుర్తు, పేర్లు గుర్తు లేవు.

మస్తాన్ నా దగ్గరకు వచ్చాడు. “జుమ్మా నమాజు కూడా ఇడిసిపెట్టి వచ్చినా సార్. మీ మిషన్ సంగతి నాకు తెలీదు. మా చెల్లికి రక్తం యాడ దొరుకుతాదో చెప్పండి, సాలు.”

నకలు జమ్మలమడుగులో భద్రంగా ఉందని ధైర్యం చెప్పి స్కూటరెక్కాను. అక్కడ గుమాస్తా రమాదేవి బీరువా తెరిచి చూపింది. ఖాళీ.

“మీ డిస్కు శనివారం కదా సార్ వచ్చేది,” అంది.

“శుక్రవారం కదమ్మా?”

“శుక్రవారం పుల్లయ్యమామ యాడ పంపిస్తాడు సార్. పాతది మాత్రం పొద్దున్నే ఈడ్నుంచి పంపిస్తాండాం.”

అంటే ప్రతి శుక్రవారం నుంచి శనివారం దాకా రెండు నకళ్లూ ప్రొద్దుటూరులోనే, సర్వరు పక్క గదిలోనే ఉంటున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు బదులు నిప్పంటుకుని ఉంటే సర్వరుతో కలిపి మూడూ బూడిదయ్యేవి. పుల్లయ్యకు ఫోన్ చేశాను.

“ఈడే ఉండాయి సార్, ల్యాబు అలమరలో.”

“మరి ముందే చెప్పవేందయ్యా?”

“మీరు అడిగితిరా? బండెక్కి పోతిరి.”

తిరిగొచ్చేసరికి నాలుగున్నర. పుల్లయ్య అలమరకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. డేటాబేసు సాఫ్ట్‌వేరు ఉన్న ఇంకో కంప్యూటరు రోడ్డు అవతల ఆఫీసు భవనంలో ఉంది. డిస్కు ఇవ్వమన్నాను.

“ఇస్తా సార్. గడప మాత్రం దాటించొద్దు. మూడూర్ల రక్తం ఉంది దాంట్లో. శుక్రవారం పూట నిండు వస్తువు బయటికి పోతే ఇల్లు వట్టిపోతాది.”

“మరి రిజిస్టరులో శుక్రవారం సంతకాలు?”

“సంతకం గడప దాటదు కదా సార్.”

నాకు కోపం నషాళానికి అంటింది. సరళ గారు అడ్డుపడ్డారు. “వాదించే టైములో ఆ కంప్యూటరే ఈడికి మోసుకోని రావొచ్చు. పోండి.” మస్తాన్ అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. అతను కంప్యూటరు పెట్టె, నేను తెర, పుల్లయ్య వైర్లు పట్టుకుని లారీలు ఆపి రోడ్డు దాటాం. డిస్కు కంప్యూటరు దగ్గరకు పోవడం లోకరీతి. మా దగ్గర కంప్యూటరే డిస్కును వెతుక్కుంటూ వచ్చింది.

నకలు నుంచి డేటాబేసును మళ్లీ నిలబెట్టడాన్ని రీస్టోర్ అంటారు. తెర మీద శాతం అంకె పెరుగుతూ పోతుంది. అరవై దగ్గర పది నిమిషాలు ఆగింది. మస్తాన్ ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పుల్లయ్య టీ తెచ్చి అతని చేతిలో పెట్టి, “ఆగింది గానీ పోలేదులే అప్పా. మా సారు మొగం చూడు, పోయింటే ఇంకా నల్లగా అయ్యుండు,” అన్నాడు. మస్తాన్ మొదటిసారి నవ్వాడు.

నూరు శాతం అయ్యాక కూడా వెంటనే నమ్మకూడదు. లోపల పట్టికలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ నడిపి, దాతల్లో ఉన్న నా సొంత పేరు వెతికి చూసుకుని, అప్పుడు సరళ గారికి కుర్చీ ఇచ్చాను. ముగ్గురు దాతల్లో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఒకరు రక్తమిచ్చి నెలే అయింది, మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు నిండాలి. మూడో ఆయన వీరపునాయునిపల్లె బత్తాయి రైతు.

ఫోను ఎత్తి, “చీనీ చెట్లకు నీళ్లు కడతాండా మేడమ్. కాళ్లు కడుక్కోని వస్తా. ఎవురికంట?” అన్నాడు. పులివెందుల ఆడబిడ్డకని ఆమె చెప్పారు. “అయితే బండి మీదనే వస్తా, బస్సుకు లేటయితాది,” అన్నాడు.

ఏడుంబావుకు వచ్చి రక్తమిచ్చి, ఇచ్చిన బిస్కెట్లు జేబులో వేసుకుని పోయాడు. పరీక్షలన్నీ పూర్తయ్యాక మర్నాడు తొలి బండిలో సంచీ పులివెందులకు చేరింది. ఆపరేషనులో అది అవసరపడింది కూడా. తల్లీ ఆడపిల్లా క్షేమమని మస్తాన్ పదకొండు గంటలకు ఫోన్ చేశాడు.

సోమవారం సూపరింటెండెంటుకు నివేదిక రాశాను. పుల్లయ్య మీద చర్య అడుగుదామనుకున్నాను గానీ, అతని ప్రతి సంతకం కింద చూడకుండా చేసిన నా సంతకం ఉంది. కారణాల గడిలో మొదట నా పేరే రాశాను. ఆ వారం నుంచి డిస్కు గురువారం పోవడం మొదలైంది. నెలకొకసారి జమ్మలమడుగు డిస్కును తెరిచి, ఇంకో కంప్యూటరులో రీస్టోర్ చేసి చూసేవాళ్లం. అరుదైన దాతల పేర్లు మూసిన కవరులో సరళ గారి బీరువాలో చేరాయి.

రిజిస్టరులో ఉన్న నకలును నకలుగా లెక్కపెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నిబంధన రాసే ముందు, దాన్ని చేతులతో చేయాల్సిన మనిషిని అడగాలని కూడా. అడిగి ఉంటే గురువారం పెట్టుకుందామని పుల్లయ్య మొదటి రోజే చెప్పేవాడు.