కోహీర్‌కు రాసిన క్షమాపణ కార్డు

మా చిన్నప్పుడు... జహీరాబాద్ చర్చిలో భద్రమైన అభ్యంగనమనే సంస్కారానికి పిల్లల్ని సిద్ధం చేయడమంటే, ఒక వేసవంతా చాప మీద కూర్చోబెట్టడమే. పద్నాలుగేళ్ల వాళ్లం తొమ్మిది మందిమి. బిషప్‌గారు వచ్చి నుదుట తైలం పూసేనాటికి పవిత్రాత్మ ఏడు వరాలూ అప్పజెప్పాలి. నాకు మొదటి వారంలోనే వచ్చేశాయి. నోరు మూసుకోవడం మాత్రం ఆ ఏడింటిలో లేదు...

ఒక్కొక్కరికీ ఒక జ్ఞానతల్లి ఉండాలి. తైలం పూసేటప్పుడు వెనక నిలబడి కుడి భుజం మీద చెయ్యి వేసేది ఆమే. కన్నతల్లి పనికిరాదని మా ఫాదర్ పట్టుదల. నాకు కుదిరింది కోహీర్‌లో ఉండే అన్నమ్మ పెద్దమ్మ, మా అమ్మకు పెదనాన్న కూతురు. అక్షరం ముక్క రాదు.

ఒక ఆదివారం ఫాదర్ జ్ఞానతల్లుల చేత కూడా విశ్వాస సంగ్రహమనే ప్రార్థన చెప్పించారు. పెద్దమ్మ ఎప్పుడో ఉపదేశి నోట విని నేర్చుకున్న పాత పాఠం చెప్పింది. కొత్త పుస్తకంలో మాటలు మారాయి. నేను ఊరుకోవచ్చు కదా... పుస్తకం ఎత్తి పట్టుకుని, అందరి ముందూ, “తప్పు చెప్తున్నవ్ పెద్దమ్మా, గట్ల కాదు” అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె కొంగు సర్దుకుని, పూర్తి చేయకుండానే వెళ్లి బస్సెక్కింది.

ఇంక రెండు వారాలే. జ్ఞానతల్లి లేనిదే అభ్యంగనం లేదన్నారు ఫాదర్. బిషప్‌గారు మళ్లీ ఎన్నేళ్లకు వస్తారో... అమ్మ నన్ను కోహీర్ పోయి కాళ్లు పట్టుకొమ్మంది. నేను చదువుకున్నదాన్ని కదా, మూడుసార్లు చిత్తు రాసి దిద్ది, పోస్టుకార్డు పంపాను. అది డబ్బాలో పడ్డాకగానీ ఆమెకు చదవడం రాదని తట్టలేదు.

జవాబు లేదు. అన్నం సయించదు, చాప మీద కుదురుండదు. కోహీర్ బస్సు వచ్చే వేళకల్లా బస్టాండుకు పరుగు... దిగిన ప్రతి చీరలోనూ ఆమెనే వెతకడం.

ఆ రోజు రానే వచ్చింది. నన్ను వరసలో చివరన నిలబెట్టారు, ఆమె రాకపోతే పక్కకు తప్పుకోవాలని షరతు. బిషప్‌గారు ఇంకా ముగ్గురి అవతల ఉండగా వెనక ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు... పెద్దమ్మే. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

“కార్డు టపా ఆయనతోటి చదివించుకున్న. వాడకట్టంత ఇన్నరు. మంచిగనే రాసినవ్ బిడ్డా” అంది మెల్లగా. “గని అన్నది నోటితోటి గద. నోటితోటే చెప్పు.”

ఇద్దరు... ఒక్కరు...

“తప్పయింది పెద్దమ్మా.”

“జర గట్టిగ. ఆనాడు అందరు ఇన్నరు.”

గట్టిగానే చెప్పాను. బిషప్‌గారు తలెత్తి చూశారు. అప్పుడు పడింది నా భుజం మీద చెయ్యి... కలుపు తీసి మొద్దుబారిన చెయ్యి, బరువుగా.

ఇప్పుడు మా మనవరాళ్లు తగువొస్తే ఫోన్‌లో దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి హాయిగా నిద్రపోతారు. మొన్న నేనూ ఒకటి పంపాను. సులువుగానే ఉంది... అవతలి మనిషి మొహంలో కోపం పోయిందో లేదో మాత్రం ఇప్పటికీ తెలియదు.

మీ చేత ఎవరైనా అలా నోటితో చెప్పించారా? రాయండి... బొమ్మలు మాత్రం పెట్టకండి.