ఉతకని సంచి

మణికొండ ఫ్లాట్‌లో నా రూమ్మేట్ వారంలో వస్తానని ఊరెళ్లి, అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ రెండు నెలలు ఉండిపోయింది. పోతూ పోతూ తన షుగర్ గ్లైడర్‌ను నా నెత్తిన పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయే ప్రాణి, గాలిలో తేలుతూ దూకే ఉడుత లాంటిది. రీల్స్ కోసం కొన్నది. దానికేం పెట్టాలని అడిగితే "గూగుల్ చేసుకో" అని మెసేజ్ పెట్టింది. ఇక్కడ అది నా వేళ్లు కొరుకుతుంటే, అక్కడ ఆమె దాని పాత ఫొటో స్టేటస్‌లో పెట్టి "నా బంగారం" అని రాసుకుంది. ఒళ్లు మండిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి ఆ బంగారం నాదై ఉండాలి, ఆమెను చూసి మొహం తిప్పుకోవాలి అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

గ్లైడర్లు మనిషిని వాసనతో గుర్తుపడతాయట. నా పాత చున్నీతో చిన్న సంచి కుట్టి మెడలో వేసుకున్నాను. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో పగలంతా అది అందులో పడుకునేది. సంచిని ఉతకలేదు, వాసన పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. మొదట్లో చెయ్యి పెడితే రక్తం వచ్చేలా కొరికేది. చెయ్యి వెనక్కి తీయలేదు. నా పంతం ముందు దాని పళ్లెంత? మూడో వారం నా వేలికి రాసిన తేనె నాకింది. ఆరో వారం కర్టెన్ మీది నుంచి నా భుజం మీదికి దూకింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆమె మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకున్నాను.

వారంలో నేను ఆఫీసుకెళ్లే మూడు రోజులూ పంజరంలో పడుకోవడానికి దానికి ఇంకో సంచి కావాలి. ఆమె ముద్దుగా వేసుకునే ఉన్ని జాకెట్ తలుపు వెనక వేలాడుతోంది. కత్తెర తీసుకుని కసిదీరా కోసి, అలాగే కుట్టేశాను.

చివరికి ఆమె వచ్చింది. గచ్చిబౌలిలో వేరే ఫ్లాట్ చూసుకుందట, పంజరం తీసుకెళ్తుందట.

"గట్లెట్ల తీస్కపోతవ్? అది ఎవలి దగ్గరికొస్తే వాళ్లదే. సరేనా?" అన్నాను.

"సరేనే, చూద్దాం!" అని నవ్వింది.

పంజరం తలుపు తీశాను. అది నా వైపు చూసింది. ఆమె చెయ్యి వాసన చూసింది. ఆగి మళ్లీ చూసింది. తాపీగా ఆమె చేతి మీదుగా పాకి మెడ దగ్గర ముడుచుకుంది.

"చూశావా? నన్ను మర్చిపోలేదే!"

నేను మర్చిపోనిస్తే కదా! వారానికి మూడు రోజులు దాన్ని ఆమె ఉతకని జాకెట్‌లో, ఆమె వాసనలో పడుకోబెట్టింది నేనే. చేసుకున్నవారికి చేసుకున్నంత.

ఆమె క్యాబ్ బుక్ చేసుకుంటుంటే జాకెట్ సంచి తీసి దాచేశాను. నా మెడలోది విప్పి పంజరంలో కట్టాను.

"ఇదేంటే, ఇంత మాసిపోయింది?"

"దాన్ని ఉతకకు. ఉతికితే అది పరేషాన్ అయితది."

ఆమె తలూపి లిఫ్ట్ ఎక్కింది. తీసుకెళ్లనీ. ఇక రోజూ ఆమె ఇంట్లో, ఆమె కళ్లెదుటే, అది నా చున్నీలో పడుకుంటుంది.