రెండు చేతులూ బూబూకే

మదికె పలకకు చిత్రిక పడుతున్నాడు. అది పాత పడవ చెక్క. సముద్రపు ఒడ్డున గెట్ న్దార్ పేట జాలరులు ఇక నీళ్ళకు ఆగదని ఒడ్డున వదిలేసిన పడవను విప్పి, పుచ్చు పట్టని ముక్కలు ఏరి తెచ్చుకున్నాడు. ఒక పక్క ఎరుపు, పసుపు చారలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఆ పక్కను ముట్టుకోకుండా అడుగుపక్క మాత్రం నునుపు చేస్తున్నాడు. కొత్త రంగు వెయ్యడం అతనికి ఇష్టం లేదు. నది ఒక వైపు, సముద్రం ఒక వైపు ఉన్న ఊళ్ళో రంగు ఆరినట్టే కనిపిస్తుంది గాని, గుడ్డకు తగిలితే అంటుకుంటుంది. వాళ్ళమ్మ గుడ్డకు మరక అంటించిన వాడు ఆ ఇంట్లో మళ్ళీ అన్నం తినలేడు.

చేస్తున్నవి మెట్లు. గుర్రబ్బండి ఎక్కడానికి, వాళ్ళమ్మ యాసిన్ కోసం.

సోర్ పేటలో యాసిన్ సెక్‌ను ఎరగని వాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు బజార్లో ఎండుచేపలు అమ్మింది. మధ్యాహ్నం దాకా ఆవిడ పక్కన నిలబడాలంటే ముక్కు మూసుకోవాలి. ఇంటికొచ్చి స్నానం చేసి, కుంపటి మీద సాంబ్రాణి వేసి, ఆ పొగ మీద బట్టలు పట్టుకుని, పొద్దు వాలే వేళ తక్కుసాన్ నమాజు అయ్యాక గుమ్మం దాటిందంటే మాత్రం పొద్దున చేపలు తూచిన మనిషి ఈవిడేనంటే నమ్మబుద్ధి కాదు. గంజి పెట్టి, గూటాలతో కొట్టించి, అద్దంలా మెరిపించిన బజిన్ గుడ్డతో కుట్టిన, నేలను తాకే వదులు అంగీ, బూబూ. రెండు కొండల్లా నిలబడే తలకట్టు. నడిచినప్పుడు ఎండుటాకుల మీద అడుగులేసినట్టు గుడ్డ చప్పుడు. న్దార్ ఊరి ఆడవాళ్ళకు ఆ సాయంత్రపు షికారు తాతమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఇనప వంతెన మీదుగా నది మధ్య దీవిలోకి వెళ్ళి, పాత మిద్దెల నీడన తిరిగి, రేవు దగ్గర పడవలు చూసి వస్తారు. చూడ్డానికి వెళ్తారు, కనబడ్డానికీ వెళ్తారు. అందులో దాచుకునేదేమీ లేదు. అలా నిండుగా నడిచే పెద్దావిడను దిరియంకె అంటారు. సోర్‌లో ఆ మాట అంటే ముందు యాసినే గుర్తొస్తుంది.

చిన్నప్పుడు మదికె ఆవిడ వెనకే గొడుగు పట్టుకుని నడిచేవాడు. తండ్రి సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. మదికె వీధిలో విరిగిపడిన ఒక బండిని విప్పి, మళ్ళీ బిగించి, అది కుదిరేదాకా వదలకుండా కూర్చుని పని నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు దీవిలో తిరిగే గుర్రబ్బళ్ళలో సగం చక్రాలు అతని చేతి మీదుగా పోయినవే.

పోయిన వానల్లో యాసిన్ తడి గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది. నేల మీద నెమ్మదిగా నడుస్తుంది గాని వంతెన దాటేంత దూరం నడవలేదు. ఎత్తు మీదకి కాలు లేవదు. లేచాక మొదటిసారి ఒక బారసాలకి వెళ్ళినప్పుడు ఇద్దరు బండివాళ్ళు చంకల కింద చేతులేసి ఆవిడను ఎత్తి బండిలో పెట్టారు. తలకట్టు జారి మెళ్ళో పడింది. బూబూ మోకాళ్ళ దాకా లేచింది. వీధి పిల్లలు నవ్వారు. ఆవిడ ఇంటికొచ్చి ఆ బూబూ మడతపెట్టి పెట్టెలో పెట్టింది. తరవాత తక్కుసాన్ షికారు మాటే ఎత్తలేదు.

ఇప్పుడు ఆవిడ మహిళా సంఘం వాళ్ళ ఏడాది షికారు వచ్చింది. వానలకు ముందు ఒక ఆదివారం సంఘంలోని వాళ్ళంతా ఒకే రంగు బట్టల్లో, బళ్ళు కట్టించుకుని దీవి చుట్టూ తిరుగుతారు. రంగు ఎన్నిక ఎప్పుడూ యాసిన్‌దే. ఈసారి మంచం మీద కూర్చునే ముదురు నీలం ఎంచింది. ఆవిడ బూబూ కూడా కుట్టి వచ్చింది. వచ్చాక, సంఘంలోనే ఉన్న చెల్లెలు సీరాను పిలిచి, దాన్ని నువ్వు కట్టుకెళ్ళు, నేను రాను అంది. సీరా కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని గుడ్డ కొలత తనకు సరిపోతుందేమో చూసుకుంది కూడా.

మదికె ఆ మాట విని, ఆదివారం దాకా ఆగమన్నాడు. మెట్లు చేస్తానన్నాడు. యాసిన్ కొడుకు చేతుల వంక చూసి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"నేను ఎక్కితే యాసిన్ సెక్ ఎక్కినట్టే ఎక్కాలిరా. మూట ఎక్కించినట్టు కాదు. అలా కుదరకపోతే గుడ్డ సీరాది, సంఘంలో రంగు ఎన్నే నా చోటూ సీరాదే."

శుక్రవారం మధ్యాహ్నానికి మెట్లు తయారయ్యాయి. మూడు మెట్లు, పక్కన గట్టి కొయ్యతో చేతికందే కమ్మీ. కమ్మీని గాజుపెంకుతో గీకి గీకి, అరచేతిలో ఇమిడేలా గుండ్రంగా చేశాడు. అంత మంచి కమ్మీ న్దార్‌లో ఇంకెక్కడా లేదని అతని నమ్మకం. బండివాడు గోర్గి గేయ్ గుర్రాన్ని ఆకిట్లోకి తోలుకొచ్చాడు. గేయ్ ఇంటివాళ్ళకీ సెక్ ఇంటివాళ్ళకీ పరాచికాలు తాతల కాలం నుంచీ ఉన్నవే. అతను వచ్చీ రాగానే, సెక్ వాళ్ళ ఇంట్లో అన్నం ఎప్పుడూ మిగలదటగా, అందుకే వంట వాసనే రావట్లేదు అన్నాడు. యాసిన్ కుర్చీలోంచి లేవకుండానే, గేయ్ వాళ్ళు మా తాతకు గడ్డి మోసినవాళ్ళు, ముందు గుర్రానికి పెట్టి తరవాత నీకు పెడతాను అంది.

మదికె మెట్లను బండికి ఆనించి ఎక్కి చూపించాడు. గోర్గి ఎక్కాడు, దిగాడు, మెట్ల మీద గంతేశాడు. చెక్క కిర్రుమనలేదు. గోర్గి బాగుందన్నాడు. సీరా కూడా బాగుందంది.

యాసిన్ కమ్మీ వైపు వేలు చూపించింది.

"దాన్ని ఎవరు పట్టుకుంటారు?"

"నువ్వేనమ్మా. నీ చేతికని చేశాను."

"ఏ చేతికి?"

మదికెకు ప్రశ్న అర్థం కాలేదు. ఆవిడ సీరాను లోపలికి పంపి తన పాత ఆకుపచ్చ బూబూ తెప్పించింది. కొడుకును తొడుక్కోమంది. తను ప్రతి శుక్రవారం బూబూ వేసుకునే మసీదుకు పోతున్నానని, ఇప్పుడూ ఒంటి మీద ఉన్నది అదేనని మదికె అన్నాడు.

"నీది చీలమండ దగ్గర ఆగుతుంది. కింద లాగు ఉంటుంది. నాది నేలను ఊడుస్తుంది. వాదించకు, తొడుక్కో."

తొడుక్కున్నాడు. గోర్గి ఎక్కడో సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడిలా, పిల్ల కాస్త నల్లగా ఉంది గాని భుజాలు బాగున్నాయి అన్నాడు. మదికె మెట్టు మీద కాలు పెట్టాడు. పెట్టడమే గుడ్డ మీద పెట్టాడు. మెడ దగ్గర బిగుసుకుని ఒళ్ళు ముందుకు వంగిపోయింది. దిగి, ఈసారి ఒక చేత్తో ముందు గుడ్డ ఎత్తాడు. ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నాడు. రెండో మెట్టు దగ్గర ఎత్తని పక్క అంచు మెట్ల సందులోకి దూరి చిక్కుకుంది. లాగితే చిరిగేలా ఉంది. కమ్మీ వదిలి రెండు చేతులా గుడ్డ పట్టుకుంటేగాని కదల్లేకపోయాడు. అప్పుడు ఆనుకోడానికి ఏమీ లేదు. తుంటి గట్టిగా ఉన్న మనిషి గనక నిలబడ్డాడు.

అతను అక్కడే, రెండో మెట్టు మీద, ఆకుపచ్చ బూబూలో నిలబడిపోయాడు. చిన్నప్పుడు గొడుగు పట్టుకుని నడుస్తూ రోజూ చూసింది అమ్మ వీపునే. అటొకటి ఇటొకటి రెండు పిడికిళ్ళు గుడ్డను కొంచెం ఎత్తి పట్టుకుని ఉండేవి. అవి ఎన్నడూ ఖాళీగా లేవు. గొడుగు తన చేతికి ఇచ్చిందే అందుకు. ఇన్నేళ్ళు చూసి కూడా కమ్మీ చేశాడు.

"తప్పు నాదే. ఆదివారం పొద్దున్న మళ్ళీ చూడు" అన్నాడు.

"చూడను. ఇలాంటివి ముందు చేసి చూసుకోవడం నాకు అలవాటు లేదు. ఆదివారం ఎక్కుతాను, లేదా ఎక్కను" అంది యాసిన్. పచ్చ బూబూ మాత్రం వెనక్కి అడగలేదు.

శనివారమంతా మదికె దుకాణంలో ఆ బూబూ తొడుక్కునే పనిచేశాడు. చక్రం పట్టుకొచ్చిన వాళ్ళు నవ్వారు. ఒక గాడిదబండి ముసలాయన, ఇంతకాలం నీకు పెళ్ళాం దొరకలేదంటే ఇదన్నమాట అన్నాడు. మదికె పని ఆపకుండా కమ్మీని కోసేశాడు. అంత నునుపు చేసిన కొయ్యకు రంపం పెడుతున్నప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది గాని, పనికిరానిది ఎంత అందంగా ఉన్నా ఉంచకూడదనుకున్నాడు. మెట్లను విడదీసి ఇంకా పొట్టి మెట్లు చేశాడు. ఒక్కొక్కదాని మీద రెండు పాదాలూ పక్కపక్కన నిలిచేంత వెడల్పు పెట్టాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య సందును నిలువు పలకతో మూసేశాడు. గుడ్డ దూరే దారి లేదు. మేకు తలలన్నీ చెక్కలోకి దింపి పైన కొయ్య ముక్కలు బిగించాడు. మేజోడు తీసుకుని అంచులన్నిటి మీదా రుద్దాడు. దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ మళ్ళీ గరుకు కాగితం వేశాడు.

తరవాత రెండు పక్కలా పలకలు నిలబెట్టాడు. అవి చేత్తో పట్టుకోడానికి కాదు. మోచేయి మడిచి గుడ్డ పట్టుకున్నప్పుడు ముంజేయి ఎక్కడికి వస్తుందో పచ్చ బూబూలో తన మీదే చూసుకుని, అమ్మ పొడుగుకు తగ్గించి, ఆ ఎత్తున పైఅంచుకు గుర్రపు జీను తోలు కుట్టి, లోపల దూది కూరాడు. బరువు ముంజేతుల మీద వాలుతుంది. వేళ్ళు గుడ్డను వదలక్కర్లేదు. ఎక్కి చూశాడు. దిగేటప్పుడు మాత్రం పాదాలు కనబడలేదు. కింద ఉన్నదంతా బూబూనే. ప్రతి మెట్టు అంచునా సన్నగా గట్టులాంటి గీత చెక్కాడు, చెప్పు కొనకు తెలిసేలా. కళ్ళు మూసుకుని దిగాడు. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు.

ఆదివారం తక్కుసాన్ నమాజు అయ్యేసరికి సంఘం బళ్ళు వీధి పొడుగునా నిలిచాయి. అన్నిటి నిండా ముదురు నీలం. సీరా మామూలు బట్టల్లో గుమ్మంలో నిలబడి ఉంది. అక్క నీలం బూబూ ఇంకా ఎవరిదో తేలలేదు కాబట్టి ఆవిడ తను కుట్టించుకున్న నీలం గుడ్డ కూడా కట్టుకోలేదు. లోపలినుంచి సాంబ్రాణి పొగ వచ్చింది, దాని వెనక గుడ్డ చప్పుడు, ఆ వెనక యాసిన్.

మదికె మెట్లను బండికి ఆనించి పక్కకు తప్పుకున్నాడు. గోర్గి అలవాటు కొద్దీ చేతులు చాచబోతే వాడి భుజం పట్టుకుని ఆపాడు.

యాసిన్ మెట్ల ముందు ఆగింది. రంగు చారలను చూసింది. చెప్పు కొనతో మొదటి మెట్టు అంచు తడిమింది. రెండు పిడికిళ్ళూ గుడ్డను ఎత్తాయి. మంచి కాలు పైకి వెళ్ళింది. ముంజేతులు తోలు మీద ఆనాయి, రెండో కాలు వచ్చి పక్కన చేరింది. ఊపిరి తీసుకుంది. ఇంకో మెట్టు. మూడో మెట్టు మీద తలకట్టు కూడా కదల్లేదు. పైమెట్టు మీద రెండు పాదాలూ కలిపి నిలబడి, వీధినంతా ఒకసారి చూసి, వెనక్కి తిరిగి కూర్చుంది. గుడ్డను అటూ ఇటూ పరిచింది. సీటు సగం నిండిపోయింది.

"సీరా, ఇంకా అలా నిలబడ్డావేం? నీ నీలం గుడ్డ కట్టుకునిరా, చోటుంది" అంది. తరవాత గోర్గి వైపు తిరిగింది. "గేయ్, ఇవాళ నీ చేతులు గుర్రానికే."

"గుర్రమే నయం పెద్దమ్మా, మాటలనదు" అన్నాడు గోర్గి.

ఆవిడ కొడుకును మెచ్చుకోలేదు. మొదట వంతెన అవతల దిగుతానని, పాత గవర్నరు మేడ ముందు నడుస్తానని, తరవాత రేవు దగ్గర పడవలు వచ్చేటప్పుడు ఇంకోసారి దిగుతానని చెప్పింది. ఎన్నిసార్లు దిగుతుందో చెప్పడమే ఆవిడ మెచ్చుకోలు. మదికెకు అది తెలుసు.

అతను మెట్లను ఎత్తి బండి వెనక కొక్కేలకు తగిలించాడు. ఊగకుండా తోలు పట్టీ చుట్టి, ఎలా విప్పాలో, ఎలా ఆనించాలో, ఏ పక్క పైకి ఉండాలో గోర్గికి రెండుసార్లు చేసి చూపించాడు. మూడోసారి గోర్గి చేత చేయించాడు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి, పట్టీ కొసను వాడి చేతిలో పెట్టాడు.