ఎర్ర తలుపు అవతల

ఇందులో ప్రతి మాటా నిజం. చెప్పులు విప్పి, దుర్గమ్మ కొండ వైపు తిరిగి, గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. ఒక వీడియో గేము మీద కక్షతో రాస్తున్నవాడికి అబద్ధాలు అల్లే తీరిక ఉండదు.

నేను గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జికి మేనేజర్ని. మెట్ల కింద టీకొట్టు ఉంది. పొద్దున్న గదులు ఖాళీ చేసేవాళ్ళ హడావుడి తగ్గాక కిందికి దిగుతాను. అప్పటికే ట్యూబులైట్ల కొట్టాయన, బట్టలషాపు గుమాస్తా, బేరం తగలని ఒకరిద్దరు ఆటోవాళ్ళు బెంచీ మీద సర్దుకుని ఉంటారు. టీకొట్టాయన నా గ్లాసు అందిస్తూ "ఊఁ, గురువుగారూ" అంటాడు. నేను మొదలుపెడతాను. బ్యారేజీ మీద గాలికి ఎగిరిపోయిన నా గొడుగు సముద్రంలో, హంసలదీవి దగ్గర ఒక పడవకి తెరచాపై కనబడిన సంగతి, మా ఏసీ గదిలో పడుకున్న పెళ్ళికొడుకు నిద్రలేచేసరికి పెళ్ళి అయిపోయి, పెళ్ళాం అలిగి పుట్టింటికి కూడా వెళ్ళిపోయిన సంగతి, ఇలాంటివన్నీ ఆ బెంచీ మీద పుట్టి పెరిగినవే.

ఆ బెంచీకి ఒక పద్ధతి ఉంది. "నిజమేనా?" అని ఎవరూ అడగరు. "తర్వాత?" అని అడుగుతారు. నా బతుకులో నాకంటూ దక్కిన గౌరవం ఏదన్నా ఉంటే అది ఆ "తర్వాత?" ఒక్కటే. ఇంట్లో ఆ మాట విని చాలా ఏళ్ళయింది.

అలాంటి చోటికి, ఎదురుమేడలో ఉన్న ఆడిటర్ ఆఫీసు నుంచి ఒకడు దిగాడు. ముప్పై దాటినవాడు, జుట్టు పలచబడుతోంది, చొక్కా ఇస్త్రీ నలగదు. వచ్చీ రావడంతోనే నన్ను "అంకుల్, కొంచెం జరుగుతారా" అన్నాడు. జరిగాను. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే తప్పు చేశాను.

వాడు చెప్పేది తను ఆడే గేము గురించి. ఎక్కడో ఒక పాడుబడ్డ గ్రహం. మనుషులు గనులు తవ్వుకుని, ఎందుకో అన్నీ వదిలేసి పోయారు. ఏం జరిగిందో చూసి రమ్మని ఒక్కడిని దింపుతారు. వాడికి ఒక ఇనప చొక్కా, ఒక తుపాకీ, తాడు కట్టిన కొక్కెం. చుట్టూ సొరంగాలు, వాటిలో కరిచే జంతువులు. కథ అంతే. నేనైతే ఆ మాత్రం కథని మొదటి గుక్క టీతో పాటు మింగేసి, అసలు సంగతికి వచ్చేవాణ్ణి.

"ఎంతదాకా వచ్చింది?" అని అడిగాడు ట్యూబులైట్ల కొట్టాయన. నన్ను కాదు.

"మూడో సొరంగం దాకా దిగానండి. చివర ఎర్ర తలుపొకటి ఉంది. తెరుచుకోట్లేదు."

"కాల్చి చూడకపోయావా?"

"కాల్చా, తన్నా. దానికి వేరే సాధనమేదో కావాలి. అదెక్కడుందో తెలీదు."

"మరెట్టా?"

"వెతకాలి."

వెతకాలి అన్న ఒక్క ముక్కకి బెంచీ మీద నలుగురూ ముందుకు ఒంగారు. నేను గొడుగుని సముద్రం దాకా పంపితే ఒంగినవాళ్ళు, వీడు ఒక తలుపు తెరవలేకపోయినందుకు ఒంగారు. చివర ఏమవుతుందో చెప్పేవాడికే తెలియకపోవడాన్ని నేను చేతకానితనం అంటాను. వాళ్ళకి అదే రుచిగా ఉంది. వాడు రోజూ ఒక సొరంగం నుంచి ఇంకో సొరంగానికి పోతాడు, చస్తాడు, మళ్ళీ పోతాడు. నిన్న చంపిన జంతువు చేతిలోనే ఇవాళ ఎందుకు చచ్చాడో సిగ్గు లేకుండా చెబుతాడు. వీళ్ళు "అయ్యో" అంటారు. నా గ్లాసు చల్లారిపోయేది.

శత్రువుని ఓడించాలంటే వాడి ఆయుధం తెలియాలి కదా అని, ఆ గేము ఆడే డబ్బా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చి హాల్లో టీవీకి తగిలించాను. ఆడతాను, అది ఎంత పనికిమాలినదో తెలుసుకుంటాను, బెంచీ మీద ఉతికి ఆరేస్తాను. నా ఎత్తు అది.

కంట్రోలర్ మీద ఉన్నన్ని మీటలు మా లాడ్జి కరెంటు బోర్డు మీద కూడా లేవు. మొదటి సొరంగంలోనే ఎనిమిది కాళ్ళ పీత లాంటిదొకటి నన్ను మింగింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ మింగింది. చిన్న గొయ్యి దూకడం రాక అందులోనే పడేవాణ్ణి. వాడు, ఆ ఇనప చొక్కావాడు, చచ్చేటప్పుడు ఒక్క మాట అనడు. నా వైపు వీపు పెట్టి, ఎప్పుడు మీట నొక్కుతానా అని నిలబడి ఉంటాడు. ఆ వీపు చూస్తే ఒళ్ళు మండేది.

ఇదే సమయంలో మా అత్తగారు కంటి శుక్లం ఆపరేషన్‌కి మా ఇంటికి వచ్చి ఉంది. ఆవిడది పామర్రు అవతల పల్లె. అల్లుడి ఎదుట కూర్చోకూడదు, అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు అన్న పాత పట్టింపు మనిషి. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ముఖాముఖి ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ గది కర్టెన్ వెనక నుంచి, మా ఆవిడతో అంటున్నట్టుగా, నాకు వినబడేలా అంది. మనిషిని తిట్టడానికి ఇంతకన్నా వీలైన మర్యాద నేను చూడలేదు.

నేను లాడ్జిలో ఉండగా ఆవిడ మధ్యాహ్నం సీరియల్ పెట్టుకుందామని టీవీ వేసిందట. గేము వచ్చింది. కొత్త సీరియల్ అనుకుని చాలాసేపు చూసిందట. హీరో కదలడు. "ఈ అబ్బాయేంటే, అట్టా నిలబడిపోయాడు?" అని మా ఆవిడని అడిగి, బల్ల మీదున్న కంట్రోలర్ తీసి ఏదో నొక్కిందట. కదిలాడు. అంతే. ఆ రోజు నుంచి సీరియళ్ళు బంద్.

"అమ్మా, డాక్టరుగారు కళ్ళకి శ్రమ పెట్టొద్దన్నారు" అంది మా ఆవిడ.

"చేసింది ఒక కంటికేగా. రెండోదాంతో చూస్తన్నా."

"అంత ఏముందమ్మా అందులో?"

"సీరియల్లో ఆ పిల్లని కాలవలో దూకొద్దని నెల్రోజులు మొత్తుకున్నా. దూకింది. ఈ అబ్బాయి అట్టా కాదు. నే ఆగమంటే ఆగుతాడు, చూడమంటే చూస్తాడు. ఇంకో సంగతి చూడు. నే తిరిగిన మేరకే పటంలో గీత పడద్ది. తిరగంది నల్లగా ఉంటది. ఎవరూ ఎంగిలి చెయ్యలా."

సాయంత్రం నేను వచ్చేసరికి సోఫా ఖాళీగా, కంట్రోలర్ వెచ్చగా ఉండేది. నేను ఆడటానికి కూర్చుంటే కర్టెన్ వెనక నుంచి మొదలయ్యేది.

"మీ ఆయన్ని గోడకేసి గుద్దుకోవద్దని చెప్పవే. అక్కడ దారి లేదు. పైన ఇనప కడ్డీ ఉంది, కొక్కెం దానికెయ్యాలి."

"నాకు తెలుసని చెప్పు" అనేవాణ్ణి మా ఆవిడతో.

"తెలిస్తే గోతిలో ఎందుకు పడ్డాడో అడుగు."

మా ఆవిడ మధ్యలో కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకునేది. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతుంటే ఆవిడ నోరు తెరవాల్సిన అవసరం ఏముంది? ఒక్క సంగతి మాత్రం తనే చెప్పింది. అత్తగారు ప్రతి జంతువునీ ఒక చుట్టం వరసతో పిలిచి చంపుతోందట. ఎనిమిది కాళ్ళ పీతని ఏ వరసతో పిలుస్తోందని అడిగితే, నవ్వి వంటింట్లోకి పోయింది.

ఇక చేసేదేం లేక అత్తగారి ఆటని నేను వాడుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ ఎక్కడెక్కడ తిరిగిందో సాయంత్రం కర్టెన్ వెనక నుంచి రాబట్టేవాణ్ణి, మర్నాడు పొద్దున్న బెంచీ మీద నాదిగా చెప్పేవాణ్ణి. మొదటి సొరంగంలో చూసి వదిలేసిన గోడ, చాలా రోజుల తర్వాత మంట పెట్టే తుపాకీ దొరికాక కరిగి దారి ఇవ్వడం. అప్పుడు చేతకానిది ఇప్పుడు చేతనవడం. నిన్న పరిగెత్తించిన జంతువుని ఇవాళ కాలితో తన్ని పోవడం. ఆడిటర్ ఆఫీసువాడు నోరు తెరుచుకుని విన్నాడు. "అంకుల్, నాకంటే ముందున్నారే" అన్నాడు. మొదటిసారి ఆ అంకుల్ నాకు తియ్యగా తగిలింది. బెంచీ మళ్ళీ నా వైపు తిరిగింది. టీకొట్టాయన "తర్వాత, గురువుగారూ?" అన్నాడు.

మిగిలింది ఎర్ర తలుపు. ఆడిటర్ ఆఫీసువాడు ఇంకా తెరవలేదు. దానికి కావలసిన సాధనం అత్తగారికి దొరికిందని, తలుపు తీసిందని మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే హాల్లో నిలబడి అడిగాను.

"తలుపు వెనక ఏముందో అడుగు."

అత్తగారు కర్టెన్ వెనక నుంచి నింపాదిగా చెప్పింది. "సముద్రం నిలువుగా నిలబడి ఉందని చెప్పు. అందులో ఓడ తలకిందులుగా వేలాడతంది. ఓడలో దీపాలు వెలుగుతన్నాయి. ఎవరో అన్నం వండుతన్నారు."

మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విన్నాను. ఇన్నాళ్ళూ ఈ గేముని తిట్టినందుకు కొంచెం చిన్నబోయాను కూడా. పొద్దున్న బెంచీ మీద చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నిలువు సముద్రాన్ని చేతులతో చూపించాను. ఓడ కింద నిలబడి తలెత్తి చూశాను. గంజి వాసన దాకా తెచ్చాను. ఆటోవాడు బేరం వదులుకుని కూర్చున్నాడు.

ఆడిటర్ ఆఫీసువాడు చివరిదాకా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఆ తలుపు నిన్న నేనూ తీశానండి" అన్నాడు.

నలుగురూ వాడి వైపు తిరిగారు.

"సముద్రం ఏం లేదండి. చిన్న గది. గోడకి అరుగు లాంటిది ఉంటది. దానికి ఎదురుగా కిటికీ. కూర్చుంటే ఆకాశం కనపడుద్ది. అంతే."

"అంతేనా? ఇంత చేసింది దానికా?" అన్నాడు బట్టలషాపు గుమాస్తా.

"అంతే. కూర్చున్నా కాసేపు. కింద సొరంగాల్లో ఎప్పుడూ ఏదో ఒకటి మీద పడతానే ఉంటదిగా. అక్కడ ఏదీ రాదు. లేవబుద్ధి కాలా."

నేను తేరుకుని ఏదో అనబోతున్నాను. ఇంతలో ట్యూబులైట్ల కొట్టాయన నా వైపు తిరిగాడు. వెటకారంగా కాదు, పాపం, బాధగానే అడిగాడు.

"గురువుగారూ, మరి ఆ గొడుగు సంగతి నిజమేనా?"

ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. గొడుగు సముద్రం దాకా పోయిందంటే ఎవడు వెళ్ళి చూసొస్తాడు? కాని ఎర్ర తలుపు ఎవడైనా ఇంటికి పోయి తెరిచి చూసుకోవచ్చు. చూసుకోవడానికి వీలైన అబద్ధం ఆడాను. నాలాంటివాడు చెయ్యకూడని పని అదొక్కటే.

"పనుంది" అని మెట్లెక్కాను.

ఇంటికి వెళ్ళి కర్టెన్ ముందు నిలబడి అరిచాను. నన్ను ఎందుకు నలుగురిలో అల్లరి పెట్టించిందో అడగమన్నాను. లోపలి నుంచి జవాబు తాపీగా వచ్చింది. "నే ఆడిన ఆట రోజూ పట్టుకుపోయి టీకొట్లో తనదని చెప్పుకుంటంటే ఊరుకుంటానా? నా సరుకు అమ్ముకునేవాడికి అదెట్టాంటిదో తెలియొద్దూ? తెలుసుకోమను."

ఇప్పుడు బెంచీ ఆడిటర్ ఆఫీసువాడిది. నేను కిందికి దిగడం మానేశాను. టీకొట్టాయన గ్లాసు పైకే పంపిస్తాడు. దానితో పాటు మాటేమీ రాదు.

మొదట్లో ప్రమాణం చేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. అత్తగారు నాతో అబద్ధమాడిందన్న ముక్క నేను కల్పించింది. ఆవిడ ఈ ఇంట్లో ఇంతవరకూ అబద్ధమాడలేదు, ఆవిడ మీద నాకున్న ఫిర్యాదుల్లో అదే పెద్దది. ఆ సాయంత్రం నేను ఎవరి మీదా అరవలేదు కూడా. చొక్కా మార్చుకుని పడుకున్నాను.

నేను అడిగిన రోజు కర్టెన్ వెనక నుంచి వచ్చిన మాట ఇది. "చిన్న గది అని చెప్పు. అరుగుంది, కిటికీ ఉంది."

"ఇంకా?" అన్నాను.

"ఇంకేం లేదు."

"అంత కష్టపడి పోయి, ఒట్టి గది దొరికితే ఎట్లా ఊరుకుందో అడుగు."

"కూర్చోటానికి చోటుంది. ఎవరూ లేవమనరు. ఇంకేం కావాలంట మీ ఆయనకి?"

నేను సోఫాలో కూర్చుని ఆలోచించాను. అరుగు, కిటికీ పట్టుకుని బెంచీ మీదికి ఎలా వెళ్ళడం? రెండు వాక్యాలకే అయిపోతుంది. నిలువు సముద్రం అప్పుడు తట్టింది. ఓడ, దీపాలు, అన్నం, అన్నీ నావే. ఆడిటర్ ఆఫీసువాడు అదే అరుగు, అదే కిటికీ నాలుగు మాటల్లో చెప్పి బెంచీ మొత్తం పట్టుకుపోయాడు.

అయినా ఆ గది నాకు నచ్చలేదు. అత్తగారు పామర్రు వెళ్ళిపోయాక ఒకరోజు నేనూ తలుపు దాకా వెళ్ళి చూశాను. ఆవిడ వదిలిపెట్టి వెళ్ళిన ఆటే కదా, తలుపు తెరిచే ఉంది. ఆ ఇనప చొక్కావాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టాను. కిటికీలో ఆకాశం ఉంది. ఏదో జరుగుతుందని చాలాసేపు చూశాను. ఏమీ జరగలేదు. మా ఆవిడ వచ్చి "అన్నానికి లేస్తారా?" అనేదాకా అక్కడే ఉన్నాను.