గోల్‌కీపర్ బావ

నిజాం రోజుల్లో మా అక్క మొగుడు పేరున్న గోల్‌కీపర్. మంచినీళ్ల చెంబిచ్చినా రెండు చేతులతో అందుకుని ఛాతీకి హత్తుకునేవాడు. ఆ ఆట చూసి ఆబిడ్స్‌లోని ఒక కంపెనీ ఆయన్ను తన ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకుని గుమాస్తా కొలువిచ్చింది. ఒక పోటీలో భుజం విరిగి దవాఖానలో ఉండగానే, గోల్‌లో ఇంకొకరిని నిలబెట్టి ఆయన్ను గోదాముకు మార్చింది.

భుజం కాస్త కుదుటపడ్డాక జట్టు కలకత్తా ప్రయాణమైంది. తననూ తీసుకుపోతారన్న ఆశతో బావ బట్టలు సర్దుకుని నాంపల్లి స్టేషన్‌కు వచ్చాడు. నేను వెంట ఉన్నాను. ఒకప్పుడు ఆయన్ను ఎత్తుకుని ఊరేగించిన కెప్టెన్, "మంచిగ వచ్చినవ్. జర గీ సామాను ఎక్కించు" అన్నాడు.

బావ ఒక్కో పెట్టెనూ ఛాతీకి హత్తుకుని ఎక్కించాడు. బండి వెళ్లిపోయాక, "బామ్మర్దీ, టికెట్ దొరకలేదని చెప్పు మీ అక్కకు" అన్నాడు.

ఇంట్లో నేను ఆ మాట చెప్పకముందే అక్క వాచిన భుజం చూసి, కాపడం పెట్టడానికి నీళ్లు కాచింది.