బండి పక్కన నిలబెట్టిన మనిషి

ఈ సంగతి ఇంతకు ముందు రాయలేదు. నాకు రాయడం రాకపోవడమే కారణం. నిజామాబాద్ దగ్గర మా ఊళ్లో ఎనిమిదో ఏటి నుంచి బీడీలు చుట్టాను, బడికి పోలేదు. పెళ్లయి, మా ఆయన వెంట ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చాక కూడా అంకెలు తప్ప అక్షరాలు తెలియవు. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది అరవై నాలుగో ఏట. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఏడాది జూన్‌లో, ఇంకా అక్షరాలు మొదలుపెట్టక ముందు జరిగింది. అప్పటికి నా రిటైర్‌మెంట్‌కు రెండేళ్లుంది.

నేను వృద్ధుల డే సెంటర్‌లో కేర్ అసిస్టెంట్‌ని. వంటకు చేరి, తర్వాత కేర్‌లోకి మారాను. ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కింది మెట్టు అదే. మా పైన సీనియర్ కేరర్, ఆ పైన మేనేజర్. సర్టిఫికెట్ కోసం ఇచ్చిన కాగితాలు మా అమ్మాయి రాసిపెట్టింది. అది తప్పని మా ఇద్దరికీ తెలుసు. సెంటర్లో ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్లజోడు మర్చిపోయానని చెప్పి, పక్కవాళ్లతో చదివించుకునేదాన్ని. సంతకం ఒక్కటి బొమ్మలాగా నేర్చుకున్నాను.

సెంటర్‌కు వచ్చే పెద్దవాళ్లను బయటికి తీసుకెళ్లడాన్ని ఎస్కార్ట్ డ్యూటీ అంటారు. ఒక్కొక్కరికీ ఒక రిస్క్ షీట్ ఉంటుంది. ఆ మనిషికి ఏం జబ్బు, ఏ అలవాటు వల్ల ప్రమాదం రావచ్చు, ఏం చెయ్యాలి అన్నీ అందులో రాస్తారు. చదివి అర్థం చేసుకున్నానని కింద ఎస్కార్ట్ సంతకం పెట్టాలి. నేను చాలా షీట్ల మీద పెట్టాను. ఒక్కటీ చదవలేదు.

ఆ జూన్‌లో ఎనిమిది మందిని మూడు రోజులకు ఐల్ ఆఫ్ వైట్ దీవికి తీసుకెళ్లాం. సీనియర్ కేరర్ హెలెన్, నేను. అక్కడ వెంట్నర్ అనే ఊళ్లో హోటల్. రెండో రోజు ఆరుగురు హోటల్లోనే ఉంటామన్నారు. బస్సులో దీవి చుట్టి చూస్తామన్నది ఇద్దరే. గుంటూరులో హైస్కూల్ టీచర్‌గా చేసిన సుశీలమ్మ గారు ఒకరు, తుంటి ఆపరేషన్ అయింది. రెండోవారు జగిత్యాల నుంచి కూతురింటికి వచ్చి ఉంటున్న రాజయ్య గారు. ఎనభై నాలుగేళ్లు, పాత బస్సు కండక్టర్. మతిమరుపు మొదలైంది. నేను బాపూ అని పిలిచేదాన్ని. హెలెన్ మిగతావాళ్లతో హోటల్లో ఉండి, ఈ ఇద్దరితో నన్ను పంపింది.

పెద్దవాళ్ల ఉచిత బస్సు పాస్ పొద్దున తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. అది దాటగానే ఎక్కాం. ఆ ఊళ్లో గాలి వెచ్చగా ఉంటుంది, వీధుల్లో తాటి జాతి చెట్లు పెంచారు. రాజయ్య గారు అద్దానికి ముఖం ఆనించి అడిగారు.

"గివి ఈత చెట్లా, తాటి చెట్లా? గీసేటోడు ఎవడన్న ఉన్నడా బిడ్డా?"

"ఈ వయసులో కల్లు మీదికి పోయిందా మనసు? అవి చూట్టానికే పెంచారండీ" అన్నారు సుశీలమ్మ గారు.

"చూస్తే నిషా ఎక్కతదా టీచరమ్మా?"

బస్సు సముద్రం అంచునే పడమటికి పోయింది. దారిలో రెండుచోట్ల దిగి చూసి, ఒంటిగంట కావస్తుండగా కొండ మీద ఒక కార్ పార్క్ దగ్గర దిగాం. అక్కడ ఒక టీ కొట్టు, స్టాప్ పక్కనే ఐస్‌క్రీం వ్యాన్, దాని పక్కన బెంచీ. ఆ చివర టాయిలెట్లు. సుశీలమ్మ గారికి చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా టాయిలెట్‌కు వెళ్లడం కష్టం. ముగ్గురం కలిసి వెళ్లి, ఆయన్ను గుమ్మం దగ్గర నిలబెట్టుకోవాలి, పద్ధతి అది. రాజయ్య గారు కాళ్లు లాగుతున్నాయన్నారు. ఐదు నిమిషాలే కదా అని ఆయన్ను బెంచీ దగ్గర ఉంచాను.

"బాపూ, గీ ఐస్‌క్రీం బండి కాడనే ఉండు. దీన్ని ఇడిసి కదలకు."

"నాకు చెప్పాల్నా బిడ్డా? బండి ఇడిసి పోయేటోన్నా నేను?"

నాకు చోట్లు పేర్లతో తెలియవు. ఎర్ర తలుపు, పోస్టు డబ్బా, వంగిన చెట్టు, ఇలాగే గుర్తు పెట్టుకుంటాను. ఇతరులకూ అలాగే చెబుతాను. అక్కడ కంటికి పెద్దగా కనిపించింది ఆ వ్యాన్. అందుకే దాని పేరు చెప్పాను.

ఐదు నిమిషాలన్నది పావుగంట అయింది. తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీ. వ్యాన్ కూడా లేదు.

స్టాప్ వెనక చూశాను, కార్ల మధ్య చూశాను, మగవాళ్ల టాయిలెట్‌లోకి కేకవేశాను. కార్ పార్క్‌కు అవతల గడ్డి, గడ్డి చివర ఒక బోర్డు. దాని మీద అంచు విరిగి మనిషి కింద పడుతున్న బొమ్మ. అది తెలియడానికి చదువు అక్కర్లేదు. ఆ అంచు దాకా పోయి బోర్లా పడుకుని కిందికి చూశాను. చాలా లోతున రాళ్లు, నురగ. ఆయన వేసుకున్న లేతనీలం చొక్కా కోసం వెతికాను. రాళ్ల మీద ఒకచోట నీలంగా ఏదో కనిపించింది. ప్లాస్టిక్ సంచి.

మనిషి తప్పిపోతే దగ్గర్లో చూడాలి, పది నిమిషాల్లో దొరక్కపోతే సీనియర్‌కి ఫోన్ చెయ్యాలి, తర్వాత ఎమర్జెన్సీ నంబర్ 999కి. నాకు ఆ క్రమం నోటికి వచ్చు. అయినా ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టాను. షీట్‌లో ఏముందని హెలెన్ మొదట అడుగుతుంది. ఆయనకు ఏమవుతుందోనన్న భయం ఒక పక్క, నా గుట్టు బయటపడుతుందన్న భయం ఒక పక్క. ఫోన్ జేబులోకి పోయింది రెండో భయం వల్లే. ఇది దాచుకోదలచలేదు.

సుశీలమ్మ గారు కర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. "షీట్ ఉందిగా నీ దగ్గర. ఏం రాశారో చూడు."

"కళ్లజోడు మర్చిపోయిన టీచరమ్మా."

"నెత్తి మీదే ఉందమ్మా గంగామణీ."

చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఇంకో అబద్ధం తోచలేదు.

"నాకు చదువు రాదు."

"మరి కింద నీ సంతకం ఉందే?"

"పెట్టిన."

ఆవిడ కాగితం లాక్కున్నారు. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో గబగబా చెప్పారు. పూర్వం బస్సు కండక్టర్. ఏదైనా బండి చూసుకోమని చెబితే దాన్ని వదలరు, కదిలితే వెంటే పోతారు. ఒకసారి కొరియర్ వ్యాన్ వెనక రెండు వీధులు నడిచారు. కూర్చోబెట్టేటప్పుడు కదలని చోటు చూపించాలి.

ఆయన కండక్టరని నాకు తెలుసు. బండి వెంట పోతారని తెలియదు. అది తెలియడానికే ఆ కాగితం.

టీ కొట్టు ఆమెను అడిగితే, ఆ వ్యాన్ రోజూ ఒంటిగంటకు పడమర వైపు బీచ్‌కి వెళ్తుందని చెప్పింది. ఆ దారిలో ఫుట్‌పాత్ లేదు. ఒక పక్క వేగంగా పోయే కార్లు, ఇంకో పక్క కొండ అంచు. అప్పుడు హెలెన్‌కి ఫోన్ చేశాను. పోలీసులకు తాను చెబుతానంది. ఇంతలో అటు వెళ్లే బస్సు వచ్చింది. డ్రైవర్ నడివయసు ఆవిడ. విషయం సుశీలమ్మ గారే చెప్పారు. డ్రైవర్ రేడియోలో డిపోకి చెప్పి, మెల్లగా నడుపుతూ నన్ను ముందు నిలబడి ఎడమ పక్క చూడమంది.

మొదటి మలుపులో ఎవరూ లేరు. రెండో మలుపులో గడ్డి మీద బూటు ఒకటి కనిపించింది. ఆయనదే. ఆ బూటుకూ అంచుకూ మధ్య పది అడుగులు కూడా లేదు. ఇనుప కడ్డీ పట్టుకుని అద్దం మీదికి వంగి అంచు వైపు చూశాను.

మూడో మలుపు తిరిగాక కనిపించారు. రోడ్డు వారన ఒక కాలికి మేజోడుతోనే కుంటుతూ, చెయ్యెత్తి ఊపుతూ వెళ్తున్నారు. వ్యాన్ ఎప్పుడో కనుమరుగైంది. బస్సు ఆగితే మెట్టు మీద నిలబడి మాకే చీవాట్లు పెట్టారు.

"ఏం డ్రైవరు వాడు? నేను రైట్ అననే లేదు, బండి తీస్కొని పాయె. నువ్వేమో బండి కాడనే ఉండుమంటివి. ఎంత దూరం ఉరకాలె బిడ్డా?"

కాలు గీరుకుపోయి రక్తం కారుతోంది. అంతకు మించి ఏమీ కాలేదు.

ఈ ఉద్యోగంలో సంతకం అంటే ఒక మనిషి గురించి తెలియాల్సింది తెలుసుకున్నానని మాట ఇవ్వడం. తెలుసుకోకుండా పెడితే ఆ ప్రమాదం మనకు రాదు, మనల్ని నమ్మినవాళ్లకు వస్తుంది. నాకు తెలిసిన పాఠం అంతే. తర్వాత నన్ను ఎస్కార్ట్ డ్యూటీ నుంచి తీసి కిచెన్‌కి మార్చారు. సరైన పనే చేశారు.

ఆయన తప్పిపోయిన మర్నాడే, పొద్దున ఏడింటికి హోటల్లో హెలెన్ జరిగిన ప్రమాదం గురించి రాసిన ఇన్సిడెంట్ ఫారం నా ముందు పెట్టి, సంతకం చెయ్యమంది. నాకు చదవడం రాదని, ముందు చదివి వినిపించమని అడిగాను. ఆమె చదివింది. రాజయ్య గారు ఎవరికీ చెప్పకుండా తనంతట తాను తిరుగుతూ వెళ్లిపోయారని ఉంది. ఆ మాట ఫైల్లోకి ఎక్కితే ఆయనకు ఇక బయటి ప్రయాణాలు ఉండవు. తలుపులకు తాళం వేసే హోమ్‌లో చేర్చమని కూతురికి చెబుతారు. అది తప్పన్నాను. ఆయన చెప్పినట్టే చేశారు, చెప్పింది నేను, షీట్ చదవకుండా సంతకం పెట్టిందీ నేను, అలాగే రాయమన్నాను. ఉద్యోగం పోవచ్చని హెలెన్ హెచ్చరించింది. తెలుసన్నాను. ఆమె ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది. దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను.