ఇన్సులిన్ సూది ఎవరి చేతిలో

రాజమండ్రిలోని ఒక ఆసుపత్రికి బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది ప్రాక్టికల్స్‌కు పరీక్షకురాలిగా వెళ్లాను. అంతకుముందు ఒకసారి ఈ పరీక్ష తప్పిన ఒక విద్యార్థిని, మర్నాడు డిశ్చార్జై ఇంటికి వెళ్లబోతున్న చేపలమ్మే ఆవిడకు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆ అమ్మాయి మోతాదు సరిచూసి, సూదిని ఆవిడ చేతికే అందించింది. పద్ధతి తప్పిందని నేను మార్కులు తగ్గించబోయాను.

“బాబోయ్, నావల్ల కాదమ్మా!” అంది ఆవిడ.

“రోజూ ఇన్ని చేప ముళ్లు తీస్తారు, ఇంత సూదికి భయమేంటండి? రేపట్నుంచి మీ ఇంట్లో నేనుండను కదా!” అంది అమ్మాయి.

ఆవిడ పొట్టమీది చర్మం పట్టుకుని, అమ్మాయి చెప్పినట్టే పొడుచుకుంది. “ఓస్, ఇంతేనా!” అని పెద్దగా నవ్వి, “మేడమ్ గారూ, ఈ పిల్లని పాస్ చేసెయ్యండి” అని నాకే ఆజ్ఞాపించింది.

రోగి తన సంరక్షణ తానే చూసుకునేలా నేర్పగలగడం నర్సింగ్ పట్టభద్రులకు ఉండవలసిన నైపుణ్యమని ఏళ్ల తరబడి తరగతిలో వల్లె వేయించినదాన్ని నేనే. పూర్తి మార్కులు వేశాను. అమ్మాయి ఆవిడ చేయి పట్టుకుని గంతులేసింది. వార్డులో గంతులేమిటని మందలించాను గాని, నాకూ నవ్వు ఆగలేదు.